మొదటి జీతం ఇచ్చాక పదిహేను రోజులు



కాలిఫోర్నియాలో మనవాళ్లు టిఫిన్ సెంటరో, కిరాణా కొట్టో, పిల్లల డేకేరో పెట్టాలనుకున్నప్పుడు ఎన్ని చోట్లకు తిరగాలో చాలామందికి తెలుసు. షాపు లీజు, కౌంటీ హెల్త్ పర్మిట్, సిటీ బిజినెస్ లైసెన్స్, సేల్స్ ట్యాక్స్ పర్మిట్, వంటగది పొగగొట్టానికి ఫైర్ వాళ్ల అనుమతి. ఇవన్నీ అయ్యాక గుమ్మానికి మామిడాకులు కట్టి, కొబ్బరికాయ కొట్టి తలుపులు తీస్తారు. ఇద్దరు వంటవాళ్లు, కౌంటర్లో ఒకమ్మాయి పనిలో చేరతారు. రెండు వారాలు తిరిగేసరికి వాళ్లకు జీతాలు ఇస్తారు. ఇన్ని కాగితాల మధ్య, యజమానిగా రాష్ట్ర ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవడం మాత్రం చాలామందికి గుర్తు రాదు.

చిన్న వ్యాపారాల జీతాల లెక్కలు చూడటం నా వృత్తి. "ఉన్నది ఇద్దరేనండీ, వాళ్లకు కూడా పేరోలా?" అనే మాట తరచుగా వింటుంటాను. అడిగేవాళ్లలో దురుద్దేశం ఉండదు. మన ఊళ్లలో చిన్న హోటలు నడిపేవాళ్లు వారానికోసారో నెలకోసారో చేతిలో డబ్బు పెట్టడమే చూసి పెరిగాం. కాస్త పెద్ద వ్యాపారం చేసినవాళ్లకు వృత్తి పన్ను తెలిసే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో యజమాని జీతంలోంచి పట్టుకుని రాష్ట్రానికి కట్టే పన్ను అది. రాజ్యాంగం విధించిన పరిమితి ప్రకారం ఒక మనిషికి ఏడాదికి 2,500 రూపాయలు దాటదు. కాలిఫోర్నియాలో యజమాని మీద పడే బాధ్యత దానికంటే బాగా పెద్దది, అందుకే ఇవాళ దీని గురించి వివరంగా చెప్పాలనుకున్నాను.

చట్టం చెప్పేది ఇది. ఒక త్రైమాసికంలో, అంటే క్యాలెండర్లో జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ నుంచి జూన్, అలా లెక్కవేసే మూడు నెలల్లో, ఒకరికైనా పదిమందికైనా మొత్తం జీతాలు 100 డాలర్లు దాటితే మీరు యజమాని. అలా దాటిన రోజు నుంచి 15 రోజుల్లోపు ఎంప్లాయ్‌మెంట్ డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్‌లో నమోదు కావాలి. దాన్నే అందరం ఈడీడీ అంటాం. ఈ రోజుల్లో 100 డాలర్లంటే ఒక మనిషి ఒక్క రోజు పని. కాబట్టి పనివాడు చేరి మొదటి జీతం అందుకున్నాడంటే గడువు మొదలైనట్టే అనుకోండి.

ఇక్కడ ఒక గందరగోళం ఉంది. "మాకు ఈఐఎన్ ఉంది కదా" అంటారు. ఈఐఎన్ అనేది ఐఆర్ఎస్ ఇచ్చే ఫెడరల్ నంబరు. బ్యాంకు ఖాతా తెరవడానికి అదే కావాలి గనక అది అందరి దగ్గరా ఉంటుంది. రాష్ట్రం ఇచ్చే ఎనిమిది అంకెల ఈడీడీ నంబరు వేరు. సేల్స్ ట్యాక్స్ నంబరు ఇంకా వేరు, అది మరో శాఖది. ఒకటి ఉన్నంత మాత్రాన ఇంకొకటి దానంతట అది రాదు.

నమోదుకు రుసుం లేదు. ఈడీడీ వెబ్‌సైట్లో ఈ-సర్వీసెస్ ఫర్ బిజినెస్ అనే చోట ఖాతా తెరిచి వివరాలు నింపాలి. వ్యాపారం ఏ రూపంలో ఉంది, సొంత పేరు మీదా, భాగస్వామ్యమా, ఎల్ఎల్‌సీయా, కార్పొరేషనా అని అడుగుతారు. ఈఐఎన్, యజమానుల సోషల్ సెక్యూరిటీ నంబర్లు, వ్యాపారం జరిగే చిరునామా, చేసే వ్యాపారం ఏమిటి, ఎంతమంది పనివాళ్లున్నారు, ఇవన్నీ అడుగుతారు. మరో రెండు ప్రశ్నలుంటాయి, వాటి దగ్గర ఆగి ఆలోచించండి. జీతాలు మొదటిసారి 100 డాలర్లు దాటిన తేదీ ఏది? ఈ వ్యాపారాన్ని ఇంకొకరి దగ్గర కొన్నారా? మొదటిదానికి నిజమైన తేదీ రాయండి. ఆలస్యమైందని తర్వాతి తేదీ వేస్తే, బ్యాంకు స్టేట్‌మెంట్లో పోయిన చెక్కులు వేరే కథ చెబుతాయి. రెండోదాని గురించి కాసేపట్లో చెబుతాను.

నంబరు వచ్చాక కట్టాల్సినవి నాలుగు. రెండు మీ జేబులోంచి, రెండు పనివాడి జీతంలోంచి. మీరు కట్టేవి నిరుద్యోగ బీమా, ఉద్యోగ శిక్షణ పన్ను. పనివాడి జీతంలోంచి పట్టుకుని కట్టేవి స్టేట్ డిసెబిలిటీ ఇన్సూరెన్స్, రాష్ట్ర ఆదాయపు పన్ను.

లెక్క చూద్దాం. ఒక వంటమనిషికి నెలకు 3,500 డాలర్ల జీతం అనుకుందాం. కొత్త యజమానికి నిరుద్యోగ బీమా రేటు 3.4 శాతం. ఇది జీతమంతటి మీదా పడదు, ఒక్కో మనిషికి ఏడాదిలో మొదటి 7,000 డాలర్ల మీదే పడుతుంది. అంటే 238 డాలర్లు. శిక్షణ పన్ను అదే 7,000 మీద 0.1 శాతం, 7 డాలర్లు. రెండూ కలిపి ఏడాదికి 245 డాలర్లు. ఈ వంటమనిషి విషయంలో ఫిబ్రవరితో ఆ 7,000 నిండిపోతుంది. మార్చి నుంచి డిసెంబర్ దాకా ఈ రెండు పద్దుల్లో మీరు కట్టేది సున్నా. కొత్త యజమాని రేటు రెండు మూడేళ్లు నడుస్తుంది. ఆ తర్వాత, మీ దగ్గర పని పోయినవాళ్లు ఎంత నిరుద్యోగ భృతి తీసుకున్నారన్నదాన్ని బట్టి రేటు మారుతుంది.

ఇక డిసెబిలిటీ ఇన్సూరెన్స్. 2025లో దీని రేటు 1.2 శాతం. 3,500 మీద నెలకు 42 డాలర్లు. ఇది పనివాడి సొమ్ము, మీరు పట్టుకుని పంపుతారు, అంతే. పూర్వం దీనికి జీతపు పరిమితి ఉండేది. 2024 జనవరి 1 నుంచి ఆ పరిమితి తీసేశారు.

ఫెడరల్ పన్నులు వీటికి అదనం. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద మీ వంతు 7.65 శాతం, పనివాడి వంతు మరో 7.65 శాతం. బరువైనది అది. రాష్ట్రానికి యజమాని చెల్లించేది దానితో పోలిస్తే చాలా తక్కువ. రాష్ట్ర పన్నుకు భయపడి నమోదు మానేసినవాళ్లకు నేను ముందు ఈ 245 డాలర్ల లెక్కే కాగితం మీద వేసి చూపిస్తాను.

రాష్ట్రానికొకటి, కేంద్రానికొకటి అంటూ ఈ రెండు ముక్కల ఏర్పాటు ఎందుకొచ్చిందని అడిగేవాళ్లుంటారు. దీని మూలం 1930ల ఆర్థిక మాంద్యంలో ఉంది. లక్షలాది మందికి పని పోయినా ఆదుకునే పద్ధతంటూ లేని కాలం అది. 1932లో విస్కాన్సిన్ రాష్ట్రం మొదటి నిరుద్యోగ బీమా చట్టం చేసింది. మిగతా రాష్ట్రాలు వెనకాడాయి. మా రాష్ట్రంలో పన్ను వేస్తే ఫ్యాక్టరీలు పక్క రాష్ట్రానికి పోతాయని వాటి భయం. అప్పుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వంలో కార్మిక మంత్రిగా ఉన్న ఫ్రాన్సిస్ పెర్కిన్స్, అమెరికా కేబినెట్లో కూర్చున్న మొదటి మహిళ, ఆమె నాయకత్వంలోని కమిటీ ఒక ఉపాయం చేసింది. దేశంలోని యజమానుల మీద ఫెడరల్ పన్ను వేస్తారు. ఏ రాష్ట్రమైతే సొంతంగా బీమా పెట్టుకుంటుందో, అక్కడి యజమానులకు ఆ ఫెడరల్ పన్నులో చాలా భాగం తగ్గిస్తారు. 1935 ఆగస్టు 14న సంతకమైన సోషల్ సెక్యూరిటీ చట్టంలో ఇది చేరింది. ఇక ఏ రాష్ట్రానికీ బీమా పెట్టకపోవడం వల్ల లాభం లేకుండా పోయింది. రెండేళ్లు తిరిగేలోపు అన్ని రాష్ట్రాలూ చట్టాలు చేసుకున్నాయి.

ఆ ఏర్పాటే ఇవాళ్టికీ నడుస్తోంది. ఫెడరల్ నిరుద్యోగ పన్ను 7,000 డాలర్ల మీద 6 శాతం. రాష్ట్రానికి సక్రమంగా కడితే మామూలుగా 5.4 శాతం తగ్గుతుంది. కాలిఫోర్నియాలో ఈ తగ్గింపు కొంత పోయింది, ఎందుకంటే కోవిడ్ కాలంలో భృతి చెల్లించడానికి రాష్ట్రం ఫెడరల్ ఖాతా నుంచి చేసిన అప్పు తీరలేదు. అందువల్ల 2024కు ఒక్కో మనిషి మీద 42 డాలర్లు కట్టాల్సిన చోట 105 డాలర్లు కట్టారు. అప్పు చేసింది రాష్ట్రం, భారం పడింది ఇడ్లీ బండి నడుపుకునేవాడి మీద కూడా. ఇది న్యాయం కాదనే నేను అనుకుంటాను.

ఈ డబ్బు ఎవరికి, ఎలా చేరుతుందో తెలిస్తే మీరు ఈ పని వాయిదా వెయ్యరని నా నమ్మకం. ప్రతి త్రైమాసికం చివర మీరు ఈడీడీకి డీఈ 9, డీఈ 9సీ అనే రెండు పత్రాలు పంపుతారు. డీఈ 9లో మొత్తాలు ఉంటాయి. డీఈ 9సీలో మనిషికో వరస ఉంటుంది. పేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు, ఆ మూడు నెలల జీతం, పట్టుకున్న ఆదాయపు పన్ను. మీ దగ్గర గిన్నెలు కడిగే మనిషికి ప్రభుత్వ పుస్తకాల్లో ఉన్న ఆధారం ఆ ఒక్క వరసే.

రేపు మీ వ్యాపారం తగ్గి అతన్ని మాన్పించారనుకోండి. అతను నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెడతాడు. ఈడీడీ వాళ్లు సాధారణంగా ముగిసిన ఐదు త్రైమాసికాల్లో మొదటి నాలుగూ తీసి, ఆ వరసల్లోని జీతాలు చూసి భృతి లెక్కగడతారు. వారానికి 40 నుంచి 450 డాలర్ల దాకా, మామూలు రోజుల్లో 26 వారాల వరకు వస్తుంది. అక్కడ వరస లేకపోతే? రెండేళ్లు మీ దగ్గర చెమటోడ్చినా, ప్రభుత్వం లెక్కలో అతను ఆ రెండేళ్లూ పని చెయ్యనట్టే. అతను ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. ఫలానా చోట పనిచేశానని చెబుతాడు, దగ్గరున్న ఆధారాలు చూపిస్తాడు. అప్పుడు మీ పుస్తకాలు తెరిచి చూపించమని కబురు వస్తుంది. అతనొక్కడి లెక్కతో అది ఆగదు.

కౌంటర్లో ఉన్న అమ్మాయి సంగతి చూడండి. ఆమె గర్భవతి అయితే, కాన్పు మామూలుగా జరిగితే, నెలలు నిండడానికి నాలుగు వారాల ముందు నుంచి కాన్పు తర్వాత ఆరు వారాల దాకా డిసెబిలిటీ భృతి వస్తుంది. ఆపరేషన్ అయితే కాన్పు తర్వాత ఎనిమిది వారాలు. ఆ పైన బిడ్డను చూసుకోవడానికి పెయిడ్ ఫ్యామిలీ లీవ్ కింద మరో ఎనిమిది వారాలు. దేశంలో ఇలాంటి సెలవు భృతి మొదలుపెట్టిన మొదటి రాష్ట్రం కాలిఫోర్నియా, 2004లో. 2025 నుంచి జీతంలో 70 నుంచి 90 శాతం దాకా ఇస్తున్నారు. ఇందులో యజమాని ఇచ్చేది పైసా కూడా లేదు, అంతా ఆమె నెలనెలా కట్టిన 42 డాలర్ల లాంటి సొమ్మే. మీరు నమోదు కాకపోతే, చంటిబిడ్డతో ఉన్న మనిషికి రావాల్సిన నాలుగు నెలలకు పైబడిన ఆధారం మీ వల్ల పోవచ్చు. ఈ మాట కటువుగా ఉందని తెలిసే చెబుతున్నాను.

మనవాళ్లు తరచుగా తడబడే కొన్ని సందర్భాలున్నాయి. అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది, "అతనికి 1099 ఇచ్చేస్తాం, కాంట్రాక్టరు కింద" అన్న మాట. 2018 ఏప్రిల్లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు డైనమెక్స్ కేసులో తీర్పిచ్చింది. దాన్ని ఏబీ 5 పేరుతో చట్టం చేశారు, 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పనిచేసే ప్రతివాడూ ఉద్యోగే, కాదని నిరూపించే భారం మీది. అతను మీ అజమాయిషీలో లేడని, మీ మామూలు వ్యాపారానికి బయటి పని చేస్తున్నాడని, అదే పనిని సొంతంగా తన వ్యాపారంగా చేసుకుంటున్నాడని, ఈ మూడూ చూపించాలి. హోటల్లో దోసెలు పోసేవాడు హోటలు వ్యాపారానికి బయటివాడని ఎలా చూపిస్తారు? కుళాయి బాగుచేసి వెళ్లే ప్లంబరు కాంట్రాక్టరు. రోజూ పొద్దున్నే వచ్చి మీ పొయ్యి ముందు నిలబడేవాడు ఉద్యోగి. తెలిసీ కాంట్రాక్టరని రాస్తే ఒక్కో ఉల్లంఘనకు 5,000 నుంచి 25,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు.

కుటుంబ సభ్యుల విషయంలో కొంత వెసులుబాటుంది. సొంత పేరు మీద నడిపే కొట్టులో భార్యో భర్తో, తల్లిదండ్రులో, 18 ఏళ్లు నిండని సొంత పిల్లలో పనిచేస్తే వాళ్ల జీతానికి నిరుద్యోగ బీమా, శిక్షణ పన్ను, డిసెబిలిటీ వర్తించవు. అదే కొట్టు కార్పొరేషన్ పేరు మీద ఉంటే ఈ వెసులుబాటు లేదు. ఐటీలో ఉంటూ ఒక్కరే ఎస్ కార్పొరేషన్ పెట్టుకున్నవాళ్లకు కూడా ఒక మాట. మీ కంపెనీ మీకే జీతం ఇస్తే, ఆ కంపెనీ యజమాని, మీరు ఉద్యోగి. నమోదు తప్పదు.

పనివాళ్లకు భోజనం పెట్టి, గది చూపించి, జీతం కాస్త తక్కువిచ్చే పద్ధతి మనలో ఉంది. ఆ భోజనం, గది కూడా ఈడీడీ బీమా లెక్కల్లో జీతంలో భాగమే. వాటికి ఎంత విలువ కట్టాలో ఈడీడీ ఏటా ప్రకటిస్తుంది.

నడుస్తున్న వ్యాపారం కొనేవాళ్లు ఈ మాట శ్రద్ధగా వినండి. గ్యాస్ స్టేషన్లు, మోటళ్లు, శాండ్‌విచ్ షాపులు మనవాళ్లు ఎక్కువగా కొంటున్నారు. అమ్మినవాడు ఈడీడీకి బాకీ ఉంటే, మీరు కొన్న ధర మేరకు ఆ బాకీ మీ మెడకు చుట్టుకుంటుంది. బాకీ లేదని ఈడీడీ ఒక ధ్రువపత్రం ఇస్తుంది, సర్టిఫికెట్ ఆఫ్ రిలీజ్ ఆఫ్ బయ్యర్ అంటారు. అది చేతికి వచ్చేదాకా సరిపడా డబ్బు ఎస్క్రోలో ఆపించండి. రియల్టరుకు గుర్తుండకపోవచ్చు, మీరే అడగండి.

చదువుకోవడానికి వచ్చిన పిల్లల్ని కౌంటర్లో నిలబెట్టి గంటకింత అని నగదు ఇచ్చేవాళ్లకు నా విన్నపం. పని అనుమతి లేని విద్యార్థి చేత పనిచేయించడం 1986 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం. ఆ పిల్లవాడికి అంతకంటే పెద్ద నష్టం, వీసా పోయే ప్రమాదం. సాయం చేస్తున్నామని మీరనుకుంటారు. అప్పు చేసి పంపించిన ఆ తల్లిదండ్రుల వైపు నుంచి కూడా ఒకసారి ఆలోచించండి. అనుమతి ఉన్నవాళ్లనే తీసుకోండి. చేరిన మూడు పనిదినాల్లోపు ఐ-9 పత్రం పూర్తి చెయ్యండి, 20 రోజుల్లోపు కొత్త ఉద్యోగి చేరాడని ఈడీడీకి డీఈ 34లో తెలపండి.

త్రైమాసిక పత్రాలకు గడువు ఏప్రిల్ 30, జులై 31, అక్టోబర్ 31, జనవరి 31. కాగితం మీద పంపితే కుదరదు, 2018 నుంచి యజమానులందరూ ఆన్‌లైన్లోనే పంపాలి. ఆ మూడు నెలల్లో ఎవరికీ జీతం ఇవ్వకపోయినా సున్నా అని పంపాలి. పన్ను ఆలస్యమైతే 15 శాతం జరిమానా, పైన వడ్డీ. కంపెనీ మూసేసినా బాధ్యులైన వ్యక్తుల మీద సొంతంగా కూడా బాకీ వేయడానికి చట్టంలో వీలుంది. వీటితో పాటు, ఒక్క పనివాడున్నా వర్కర్స్ కాంపెన్సేషన్ బీమా తీసుకోవాలి. అది ఈడీడీ పని కాదు, వేరే తీసుకోవాల్సిందే.

టెక్సస్‌లో ఉన్న శ్రోతలకు రెండు మాటలు. మీకు రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు గనక నమోదు కూడా లేదనుకోకండి. టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌కు నిరుద్యోగ పన్ను కట్టాలి, మనిషికి మొదటి 9,000 డాలర్ల మీద. కంపెనీ డల్లాస్‌లో ఉండి, ఉద్యోగి శాన్ రామన్‌లో ఇంటి నుంచి పనిచేస్తుంటే, అతని వరకు మీరు కాలిఫోర్నియాలో నమోదు కావాలి. మనిషి ఎక్కడ కూర్చుని పనిచేస్తే ఆ రాష్ట్రం లెక్క. ఇంటి నుంచి పని పెరిగాక చిన్న కన్సల్టెన్సీలు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటున్నాయి.

ఇప్పటికే ఏడాదిగా నగదు జీతాలిస్తూ, ఇది విని గాబరా పడుతున్నవాళ్లు ఉంటారని తెలుసు. కబురు రాకముందే మీరుగా వెళ్లండి. పాత చెక్కులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పనిగంటలు రాసుకున్న పుస్తకం తీసుకుని పేరోల్ తెలిసిన అకౌంటెంట్ దగ్గర కూర్చుని, నిజమైన తేదీతో నమోదు చేసుకోండి, గడిచిన త్రైమాసికాల పత్రాలు దాఖలు చెయ్యండి. జరిమానా కొంత పడుతుంది. అయినా మీ దగ్గర పనిచేసినవాళ్ల వరసలు పుస్తకంలోకి ఎక్కుతాయి. కొత్త యజమానుల కోసం ఈడీడీ ఉచితంగా పేరోల్ తరగతులు కూడా నడుపుతోంది, తీరిక చేసుకుని వినండి. కొత్తగా వ్యాపారం పెడుతున్నవాళ్లు మొదటి జీతం చెక్కు రాసిన రోజునే ఈ నమోదు కూడా పూర్తి చెయ్యండి.